పురిటి మూట

పదహారేళ్ళుగా ఒక మూట మోస్తున్నాను. దింపుకోవడానికి చోటు దొరకలేదు. ఇంట్లో చెప్పలేను, ఎందుకంటే ఆ మూట మా ఇంటిదే. ఊళ్ళో చెప్పలేను, ఎందుకంటే ఊరు నన్ను ఇంకా మంచి పంతులనే అనుకుంటోంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. క్షమించమని కాదు. వినండి, చాలు.

పోలీసు చర్య అయిన నాలుగేళ్ళకు మెట్‌పల్లికి రెండు కోసుల దూరంలోని ఒక ఊరికి బడిపంతులుగా వెళ్ళాను. వెట్టి పోయిందని సర్కారు చెప్పిన కొత్త రోజులు. చదివిన పుస్తకాల వేడి నాలో ఇంకా చల్లారలేదు. సాయంత్రాలు చావడి దగ్గర నలుగురిని కూర్చోబెట్టుకుని మనిషి స్వేచ్ఛ గురించి చెప్పేవాణ్ణి. "ఎవల చేతులకు వాళ్ళే దొరలు" అనేవాణ్ణి. ఆ మాట అన్న ప్రతిసారీ నా మీద నాకే ముచ్చటేసేది.

రాజవ్వ ఆ ఊరి చాకలి. మొగుడు పోయిన మనిషి, ఇంట్లో చూపు లేని అత్త. పగలంతా ఊరి బట్టలు ఉతికి, పొద్దుగూకే వేళ గంప పట్టుకుని ఇంటింటికీ తిరిగి అన్నం తెచ్చుకునేది. పంటలప్పుడు కల్లంలో ఇన్ని గింజలు పోసేవారు. అదే కూలి. ఆ గంపతోనే చావడికి అవతల నిలబడి నా మాటలు వినేదట. నేనెన్నడూ చూడలేదు. ఒకరోజు ఊరి పెద్దలకు చెప్పేసింది: రేపటి నుంచి ఊరి బట్టలు ముట్టనని, మెట్‌పల్లిలో తమ్ముడి ఇస్తిరి దుకాణంలో పని చేసుకుంటానని, తమ్ముడు బండి కట్టుకుని రాగానే అత్తతో సహా వెళ్ళిపోతానని.

నా మాటనే ఆమె చేసి చూపించింది. సంతోషించాను కూడా. ఒక పూట.

మరునాడు మా ఆవిడ ప్రసవించింది. ఆడపిల్ల. పురిటి బట్టలన్నీ మూటగట్టి పెరట్లో ఒక మూలన పడేశారు. వాటిని ఇంటివాళ్ళు ముట్టరు. చాకలి వచ్చి తీసుకెళ్ళి ఉతికి తెస్తేనే పురుడు తీరుతుంది. మూడోనాటికి మూట మీద ఈగలు ముసిరాయి. తలుపు చాటు నుంచి మా అత్తగారు, "చాకలామె రాకుంటే పురుడెట్ల తీరుతది? గా మూట ఎవలు ముడుతరు?" అంది.

నేను ముడతాను అనాలి. పెరట్లో బావి ఉంది. నాకు రెండు చేతులున్నాయి. వాటికి నేనే దొరను కదా! అనలేదు. ఎందుకనలేదు? అసహ్యమా? ఊరు నవ్వుతుందనా? ఎంత తవ్వుకున్నా ఆ రెండూ కాదనే తోస్తుంది. అది నేను చేయగల పని అన్న ఆలోచనే నాకు రాలేదు. అన్ని పుస్తకాలు చదివిన బుర్రలోకి ఆ ఒక్క ఆలోచన రాలేదు.

ఊరి పెత్తనం చేసే పటేల్ దగ్గరికి వెళ్ళాను. ఆయన రాజవ్వను పోనిచ్చేటట్టే ఉన్నాడు. నెల రోజుల్లో వేరే ఊరి నుంచి ఇంకో చాకలి ఇంటిని తెచ్చుకుందామన్నాడు. మా మూట నెల ఆగదు. ఇవ్వాళ చాకలి పోతే రేపు మంగలి పోతాడని, ఎల్లుండి నీ పాలేర్లు పోతారని ఆయనను బెదరగొట్టింది నేనే. కాగితం కూడా నేనే రాశాను. రాజవ్వకు నిప్పూ నీళ్ళూ బంద్. ఆమెకు చోటిచ్చిన వాళ్ళను కూడా వెలి వేయాలని మెట్‌పల్లిలోని వాళ్ళ కులపెద్దలకు మనవి. చివర నా చదువంతా గుప్పించి ఒక వాక్యం రాశాను: వ్యక్తి స్వేచ్ఛ గొప్పదే గాని, సమాజపు అవసరం మొదలైన చోట దానికి హద్దు ఉంటుంది. పెద్దలు వేలిముద్రలు వేశారు. నేను సంతకం చేయలేదు.

డప్పు చాటింపు అయింది. రావద్దని తమ్ముడు కబురు పంపాడు. ఆ సాయంత్రం రాజవ్వ నా దగ్గరికే వచ్చింది.

"సారూ, నువ్వే చెప్తివి గద, ఎవల చేతులకు వాళ్ళే దొరలని. తాసీల్దారుకు ఒక దరఖాస్తు రాసియ్యి."

నేను మెడ వంచుకుని అన్నాను: "స్వేచ్ఛకు గూడ హద్దుంటది రాజవ్వా. నీ ఒక్కదాని ఇష్టం కోసం ఊరంత పరేషాన్ గావద్దు గద."

"నాకు హద్దు గీసిండ్రు సరే సారూ. మరి ఊరికి ఎవలు గీస్తరు?"

కోపంగా అడగలేదు. పంతులుకు తెలిసి ఉంటుందని అడిగింది. నేను లోపలికి నడిచాను. ఆమె వెళ్ళిపోయింది.

ఊరి బావి దగ్గరికి రానివ్వకపోవడంతో రాజవ్వ ఇంటికి కుంట నీళ్ళే గతి. అవి తాగి ఆమె అత్త మంచం పట్టింది. తొమ్మిదోనాడు పొద్దున రాజవ్వ మా పెరటి తలుపు తీసుకుని వచ్చి, మూట ఎత్తుకుని పోయింది. సాయంత్రానికి తెల్లగా ఉతికి, మడతపెట్టి తెచ్చింది. పిల్లను చూసి, "సల్లగుండు బిడ్డా" అంది. ఆ ముసలమ్మ ఆ వానాకాలం దాటలేదు. కుంట నీళ్ళ వల్లనేనా అని నేనెవరినీ అడగలేదు. అడిగితే చెప్పేవాళ్ళు.

స్వేచ్ఛకు హద్దు ఉండాలన్నది అబద్ధం కాదు. ఒకరికి హాని జరిగే చోట ఇంకొకరి ఇష్టం ఆగాల్సిందే. మరి రాజవ్వ వల్ల జరిగిన హాని ఏమిటి? నా చేతులు తడవాల్సి రావడం. దానికి నేను సమాజం అని పేరు పెట్టాను. ఆ కాగితంలో ఊరు అని ఉన్న చోటల్లా మా ఇంటి మూట అని చదువుకోండి.

నేను ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నాను, రాజవ్వ కూడా. ఇంకా గంప పట్టుకుని తిరుగుతోంది. నన్ను చూస్తే పక్కకు జరిగి, "మంచిగున్నవా సారూ" అంటుంది. అదంతా పటేల్ చేయించాడనే అనుకుంటోంది. పటేల్ ఆ నింద మోస్తూనే చచ్చిపోయాడు. నేను నోరు విప్పలేదు.

మా అమ్మాయి ఇప్పుడు నా తరగతిలోనే ఉంది. పోయిన వారం పౌరశాస్త్రంలో స్వేచ్ఛ, దాని హద్దులు అనే పాఠం వచ్చింది. జవాబు నేనే చెప్పి రాయించాను. చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా నోట ఆ కాగితంలోని చివరి వాక్యమే వచ్చింది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. మా పిల్ల తల వంచుకుని గుండ్రటి దస్తూరీతో రాసుకుంది. పరీక్షలో రాస్తుంది. నేనే మార్కులు వేస్తాను.

ఈ మాట రాజవ్వకు చెప్పాలి. చెప్పలేదు. చెబుతానన్న నమ్మకం కూడా లేదు. మీతో అన్నాను, అంతే. ఆ కాగితం రాసింది నేను.