గోరింటాకు కింద గోరు

అరవైల్లో ధర్మవరంలో మాది పట్టుమగ్గం ఇల్లు. పట్టునూలు ఉడకబెట్టి జాడించడం అమ్మ పని. చేతులు ఎప్పుడూ నీళ్లలో నాని, ఆమె బొటనవేలికి పిప్పిగోరు వచ్చింది. పచ్చబడి, మందమై, అంచు పొడిపొడిగా రాలేది. నలుగురి కంటా పడకుండా దానిమీద గోరింటాకు పెట్టుకునేది.

అమ్మ వద్దన్నా వినకుండా నాయన ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు మాత్రలిచ్చి, "చేయి తడపొద్దు తల్లీ. ఇంక గోరింటాకు పెట్టొద్దు. ఈ ఎరుపు పైకి జరిగేకొద్దీ కింద మంచి గోరు వస్తాంటే, మందు పని చేస్తాండాదని అర్థం" అన్నాడు.

ఆ రోజు నుంచి నూలు నాయనే జాడించాడు. మా ఎదుట అమ్మ పక్కన కూర్చోవడానికే సిగ్గుపడే మనిషి, ప్రతి శుక్రవారం ఆమెను వాకిట్లో కూర్చోబెట్టి, ఆ వేలు పట్టుకుని, మగ్గంలో తెగిన పోగు వెతికినట్టు చూసేవాడు. నెలలు గడిచేకొద్దీ ఎరుపు సన్నని గీతై కొసకు చేరింది. చివరికి అదీ గోటితో పాటు కత్తిరింపులో పోయింది.

మరుసటి శుక్రవారం నాయన మళ్లీ పిలిచాడు.

"బాగైపాయ కదా, ఇంకేం చూస్తారు?" అంది అమ్మ, చేయి మాత్రం చాపి.

"ఉండు. ఈడ వెలుతురు సాల్లేదు."

వాకిలంతా మిట్టమధ్యాహ్నపు ఎండ.