వద్దు నొక్కినా వినని వెబ్‌సైటు

ముదిగుబ్బ బస్టాండు ఎదురుగా గొర్రెల మందుల అంగడి నడిపే గంగాదేవికి మొహమాటం తెలియదు. మందు పనికిరాదనిపిస్తే కొనేవాడి చేతిలోంచి లాక్కుని మళ్లీ అరలో పెట్టేస్తుంది. "దీనివల్ల నీ గొర్రెకేం లాభం లేదు, అమ్మిన నాకే లాభం" అంటుంది. అందుకే కాపర్లు మందుకన్నా ముందు ఆమె మాట కోసం వచ్చేవాళ్లు.

అడిగేవాళ్లు ఎక్కువై కొనేవాళ్లకు చోటు లేకపోవడంతో ఆమె ఒక వెబ్‌సైటు పెట్టించింది. తయారుచేసింది అనంతపురంలో ఉండే రేఖ. కాపర్లు ఒకరినొకరు అడిగి తెలుసుకోవడానికి అందులో 'మంద' అనే చర్చావేదిక కూడా ఉంది. అది రేఖ సొంతంగా కట్టింది కాదు. ఏదో కంపెనీ ఉచితంగా ఇస్తుంటే తెచ్చి ఈ పేజీలో అతికించింది.

ఒకరోజు రేఖ ఫోన్ చేసి, కొత్త చట్టం వచ్చిందనీ, సైటు చూసేవాళ్ల అనుమతి అడగాలనీ చెప్పింది. ఎవరేం చూశారో గుర్తుపెట్టుకోవడానికి వాళ్ల ఫోన్లలో వదిలే చిన్న గురుతుల్ని కుకీలంటారట. వాటికి ఒప్పుకుంటారా లేదా అని ఒక పెట్టె కనిపించాలి.

"సరే అనేది పెద్దగా పచ్చరంగులో పెడతానక్కా. వద్దు అనేది సన్నగా మూలకు పెడదాం. అందరూ అట్లే చేస్తాండారు."

"గిరాకీని లోపలికి పిలిచి, బయటికి పోయే వాకిలి దాచిపెడతామా? రెండూ ఒకే సైజులో పెట్టు."

అలాగే పెట్టారు. ఆ పెట్టెను చూసుకుని గంగాదేవి చాలా మురిసిపోయింది. అంగడికొచ్చిన వాళ్లందరికీ చూపించింది.

దగ్గరి పల్లెలో ఉండే సుంకన్న ఆ సైటు తెరిచి, అలవాటు ప్రకారం వద్దు నొక్కాడు. తర్వాత మందలో ఇలా రాశాడు: "వయసు మీద పడలే. తిండికి లోటు లేదు. ఐనా ఆడదాన్ని చూస్తే మొగం తిప్పుకుంటాడు. సత్తువకు ఏం పెట్టాల?"

అడిగింది కొత్తగా కొన్న పొట్టేలు గురించి. పొట్టేలని రాయడం మరిచిపోయాడు. కాపర్లకు అర్థమైంది గానీ, ఆ మాటలు పట్టుకుని ప్రకటనలు పంపే యంత్రానికి అర్థం కాలేదు.

ఆ వారమే సుంకన్న ఇంటికి వియ్యంకుడు నాగేశ్వర చుట్టపుచూపుగా వచ్చాడు. వాన కబురు చూద్దామని సుంకన్నను అడిగి అతని ఫోన్ తీసుకున్నాడు. వార్తల మధ్యలో పెద్ద ప్రకటన వచ్చింది: "సత్తువ తగ్గిందా? భార్య ముందు ఇక తలదించుకోవద్దు!" వేలితో పైకి తోశాడు. ఇంకోటి వచ్చింది. మళ్లీ తోశాడు. మళ్లీ వచ్చింది.

నాగేశ్వర ఫోన్ మెల్లగా మంచం మీద పెట్టి దగ్గరికి జరిగాడు.

"బావా, సిగ్గుపడాకు. మా తట్టు మంచి నాటు వైద్యుడు ఉండాడు. నాకు గూడా ఆయప్పే..." అని నాలుక కరుచుకున్నాడు.

మరునాడు పొద్దున్నే సుంకన్న అంగడికి వచ్చిపడ్డాడు.

"ఏమ్మా గంగాదేవీ! నీ సైటు నా మానం తీసింది గదా!"

సంగతంతా విని ఆమె నమ్మలేదు. "నువ్వు సరే నొక్కింటావు లేన్నా."

"నేనా? పెండ్లిలో పంతులడిగితే తప్ప ఇంకెప్పుడూ దేనికీ సరే అనలే!"

గంగాదేవి తన ఇంకో ఫోన్ తీసి, అతని ముందే వద్దు నొక్కి, మందలో అవే మాటలు రాసింది. ఇద్దరూ టీ తాగారు. తర్వాత వార్తలు తెరిస్తే, భార్య ముందు తలదించుకోవద్దని ఆ ఫోన్ ఆమెకూ ధైర్యం చెప్పింది.

"నాకు భార్య యాడుండాదప్పా?" అంది గంగాదేవి. వెంటనే రేఖకు ఫోన్ కలిపింది.

రేఖ చూసి నసిగింది. "అక్కా, మన వద్దు మన పేజీ వరకే పనిచేస్తాది. మంద ఆ కంపెనీది. మనం అడిగేలోపే అది తన కుకీలు తాను వదుల్తాండాది."

"నా అంగట్లో ఒక మూల వేరేవోనికి ఇచ్చి, వాడు నా గిరాకీ జేబులు తడుముతాంటే నాకు సంబంధం లేదంటానా? ముందు దాన్ని మూసెయ్."

రేఖ మందను మూసేసింది. చూసేవాళ్లు 'సరే' నొక్కితేనే తెరుచుకునేలా, ప్రకటనలవాళ్లకు ఏదీ చేరవేయని ఇంకో వేదిక తెచ్చి పెడతానంది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. గంగాదేవికి మనసు ఒప్పలేదు. జరిగిన తప్పు చెప్పుకోవాలని సైటు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసింది: "మా పొరపాటు వల్ల సుంకన్నకు మగవాళ్ల మందుల ప్రకటనలు వచ్చినాయి. ఆయన అడిగింది పొట్టేలు గురించి. ఆయనకు ఏ లోపమూ లేదని అందరూ గమనించాలి."

సాయంత్రానికి సుంకన్న మళ్లీ వచ్చాడు. ఈసారి అరవలేదు. బెంచీ మీద కూలబడ్డాడు.

"నిన్నటిదాకా మా వియ్యంకునికి ఒక్కనికే తెలుసు తల్లీ. ఇప్పుడు బస్సులో కండక్టర్ గూడా 'ఏ లోపమూ లేదంట గదన్నా' అంటాండాడు."

గంగాదేవి ముఖం మాడిపోయింది. సరేనా, వద్దా అని అందరినీ అడిగే పెట్టె పెట్టింది గానీ, సుంకన్న పేరు రాసేముందు సుంకన్నను అడగాలని తోచలేదు. అప్పటికప్పుడు ఆ రాత తీసేయించింది.

మరునాడు క్షమాపణ చెప్పడానికి అతనింటికి వెళ్లింది. అక్కడ దొడ్లో నిలబడిన పొట్టేలును చూడగానే నడుం వంచి దాని వెనక కాళ్లు పట్టి చూసింది. గిట్టలు పెరిగి, మధ్యలో కుళ్లిపోయి ఉన్నాయి.

"దీనికి సత్తువ లేకపోవడం గాదన్నా. కాళ్లు నొస్తాండాయి. ఎట్ల ఎక్కుతాది పాపం?"

తానే గిట్టలు కోసి, కడిగి, మందు పూసింది.

కొన్నాళ్లకు సుంకన్న నవ్వుకుంటూ అంగడికి వచ్చాడు. పొట్టేలు కుదుటపడింది. గొర్రెలను ఇప్పుడు అదే తరుముతోందట.

"ఇంకొకరికి పనికొస్తాది. ఇది కొత్త మందలో రాయమంటావా వద్దా? నువ్వు సరే అంటేనే రాస్తా" అంది గంగాదేవి.

సుంకన్న బాగా ఆలోచించాడు.

"రాయి. పేరు మాత్రం మారెప్ప అని పెట్టు."

"మారెప్ప ఎవరు?"

"మా పక్కింటోడు. వాన్ని అడగాల్సిన పన్లే."

గంగాదేవి పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక ఫోన్ చేతిలోకి తీసుకుని, ముందు మారెప్ప నంబరు చెప్పమంది.