గ్రహశకలం మీద చేపల తొట్టి

మావారికి గ్రహశకలం మీది ఇనుప గనిలో ఉద్యోగమొచ్చి, వట్లూరు నుంచి ఎనిమిది నెలల పాపతో అక్కడికి చేరిన మర్నాటి సంగతి ఇది. ఆ కాలనీ బయట గాలి లేదు. లోపల యంత్రాలిచ్చే గాలే అందరికీ. గోడ మీద మీటరు అంతా బాగుందని చూపిస్తున్నా, నేను పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను.

మా ఇళ్ళ వరస చివర చేపల తొట్టి, దాని పక్కనే ప్రమాద గంట ఉన్నాయి. పనికి వెళ్ళే ప్రతివారూ అందులోకి తొంగిచూసి వెళుతున్నారు. గాలి యంత్రాలు చూసే సుగుణమ్మగారిది ఆకివీడు.

"మీటరు అబద్ధమాడొచ్చు గానీ చేప ఆడదండీ. గాలి తగ్గితే ముందు అవే పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. మా ఊరి చేపల చెరువుల దగ్గర అలాగే కనిపెడతాం," అన్నారావిడ.

సాయంత్రం చూద్దును కదా, చేపలన్నీ నోళ్ళు తెరిచి పైనే ఉన్నాయి. పాపను చంకనేసుకుని గంట కొట్టేశాను. గని ఆగిపోయింది. జనం గాలి ముసుగులు తగిలించుకుని పరుగెత్తుకొచ్చారు.

సుగుణమ్మగారు తొట్టిలోకి చూసి నవ్వారు. "ఇది మేత వేళండీ. ఆకలికొచ్చాయి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఒక్కరూ విసుక్కోలేదు. ఒకాయన, "రేపట్నుంచి తొట్టి కాపలా మీదేనండి," అన్నారు. అక్కడ కంగారుపడి గంట కొట్టినవాళ్ళకే ఆ పని ఇస్తారట.

"నాకు చేపల గురించి ఏమీ తెలీదండీ."

"అది నేను నేర్పుతాను. భయం ఎవరు నేర్పగలరు?" అన్నారు సుగుణమ్మగారు.

మర్నాడు మొదటి షిఫ్టు కంటే ముందే, ఉత్సాహం పట్టలేక, పాపతో సహా తొట్టి దగ్గర నిలబడ్డాను.

"వెళ్ళమంటారా అండీ?" అని గనివాళ్ళు నన్నడిగారు.

చేపలను మరోసారి చూసి, "వెళ్ళి రండి," అన్నాను.