ఆ రోజు బండి నడిపిందెవరు

ఇరవై ఆరేళ్ళుగా డ్రైవింగు నేర్పుతున్న మాస్టారికి ఒకటే సిద్ధాంతం. బండెక్కిన మొదటి రోజే ప్రతివాళ్ళకీ చిలక్కి చెప్పినట్టు చెబుతాడు: "స్టీరింగు నీ చేతిలో, బండి నా కాలి కింద." ఆయన కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. తొక్కీ తొక్కీ దాని రబ్బరు ఒకవైపు నున్నగా అరిగిపోయింది. బస్సెక్కినా, బంధువుల కారెక్కినా ఆ కుడికాలు ఊరుకోదు, ఎదురుగా ఏదొస్తే దానికి నేలను నొక్కేస్తుంది. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ కూడా తొక్కుతారని, కుర్చీ ముందు పరిచిన చాప అందుకే చిరిగిందని ఆయన భార్య ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వుతుంది.

అలాంటి మాస్టారి కారు ఓ మంగళవారం పొద్దున ఆసుపత్రి సందు మలుపులో కరెంటు స్తంభాన్ని గుద్దింది. స్టీరింగు దగ్గరున్నది ఆయన దగ్గర నేర్చుకుంటున్న ఆసుపత్రి నర్సమ్మ. నలభై దాటిన మనిషి. లైసెన్సు పరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పింది. ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసే ఉద్యోగం ఒకటి ఆమె కోసం ఆపి ఉంచారు గానీ, నెలాఖరులోగా లైసెన్సు చూపించకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. మూడో పరీక్షకు పదిహేడు రోజులుంది. సరిగ్గా ఆ మలుపులో మాస్టారు జారిపడ్డ కళ్ళజోడు కోసం సీటు కిందికి వంగాడు. తలెత్తేసరికి హెడ్‌లైటు ముక్కలై ఉంది, బంపరు వేలాడుతోంది, రేడియేటరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు, అదే పదివేలు.

బీమా ఉంది కదా, పదిరోజుల్లో బండి చేతికొస్తుంది, పరీక్ష నాటికి బోలెడంత టైముందని నర్సమ్మకు ధైర్యం చెప్పి పంపాడు. బండిని షెడ్డుకు లాగించి, ఇంటికొచ్చి క్లెయిమ్ ఫారం నింపాడు. అందులో మూడో ప్రశ్న: ప్రమాద సమయంలో వాహనం నడుపుతున్నది ఎవరు? మాస్టారు క్షణం కూడా ఆలోచించలేదు. "నేనే" అని రాసి, కింద గీత కూడా గీశాడు. అబద్ధమాడాలని కాదు. ఆయన లెక్కలో అదే నిజం.

ఇక అక్కడి నుంచి మొదలైంది తిరుగుడు. అనుమతి కాగితం రాకపోతే స్పానరు ముట్టుకోనని షెడ్డు మేస్త్రీ అన్నాడు. మేస్త్రీ అంచనా పంపితే తప్ప కాగితం ఇవ్వమని బీమా ఆఫీసు వాళ్ళన్నారు. అంచనా పంపితే, నష్టం లెక్కగట్టే సర్వేయరు వచ్చి చూడాలన్నారు. ఆ సర్వేయరు సోమవారం వస్తానని బుధవారం వచ్చాడు. వచ్చి, అంచనా వేయడానికైనా సరే బంపరు ఊడదీశారేం, ఊడకముందు ఎలా ఉందో నాకెలా తెలుస్తుందని మేస్త్రీని కోప్పడ్డాడు. చివరికి ఆ విరిగిన బంపరునే తాడుతో మళ్ళీ కట్టి, దాన్ని ఫొటో తీసుకుని వెళ్ళాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది వ్యవహారం. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. ఫోన్ చేస్తే అరగంట సంగీతం వినిపించి పెట్టేసేవాళ్ళు. ఇంట్లో ఉండి ఆయన చేసేదేముంది? పాఠాలు లేవు. నర్సమ్మ రోజూ సాయంత్రం ఫోన్ చేసి బండి సంగతి అడిగేది. ఈయన రోజూ "రేపొస్తుంది" అనేవాడు.

తొమ్మిదో రోజు బీమా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. స్తంభం తాలూకు కరెంటు ఆఫీసు రాసిన కాగితంలో బండి నడిపింది ఒక స్త్రీ అని ఉందట. మీ ఫారంలో మీరని ఉంది. ఏది నిజమో తేలేదాకా క్లెయిమ్ ఆపేశాం, అంతే సంగతులు.

మాస్టారు పరుగున వెళ్ళాడు. క్లెయిములు చూసే మేడం ఓపికస్తురాలు. నేర్చుకునే వాళ్ళు నడిపినా బీమా వర్తిస్తుందని, ఆవిడ నడిపిందని ఒక్క ముక్క తిరగరాసి సంతకం పెడితే ఈ గొడవ ఇక్కడితో పోతుందని చెప్పింది. ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసి రాసిచ్చేవారు. మన మాస్టారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నా బండిలో కూర్చున్నవాళ్ళు నడపరు, నేర్చుకుంటారంతే, నడిపేది నేను, ఆ మాట రాస్తే ఇరవై ఆరేళ్ళుగా నేను చేసిన పనికి అర్థమేముందని వాదించాడు. ఆ వాదనతోనే రెండు రోజులు మట్టిగొట్టుకుపోయాయి. మూర్ఖత్వం అంటే మరేదో కాదు, ఇదే. చేసేది లేక మేడం నర్సమ్మనే నేరుగా పిలిపించింది.

డ్యూటీ మధ్యలో పర్మిషన్ అడిగి వచ్చింది నర్సమ్మ. మాస్టారు పక్క కుర్చీలో బిగుసుకు కూర్చున్నాడు. తప్పంతా ఆమె మీద పడకుండా చూడాలని వచ్చాడాయన, ఆ మాట నిజం.

"స్తంభం మీకు కనపడలేదా అమ్మా?" అని మేడం అడిగింది.

"కనపడిందండీ. చాలా దూరం నుంచే కనపడింది."

"మరి బ్రేకు వేయలేదేం?"

నర్సమ్మ మాస్టారి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. "మాస్టారు వేస్తారు కదా అనుకున్నాను. ఎప్పుడూ ఆయనే వేస్తారు. రెండు పరీక్షల్లోనూ నాకు ఇంతే అయింది. ఆగాల్సిన చోట ఆయన కాలి కోసం చూస్తూ ఉండిపోయాను. పక్కన కూర్చున్న ఆఫీసరు తొక్కలేదు, నేనూ తొక్కలేదు." మళ్ళీ మెల్లిగా అంది, "ఆయన తప్పని కాదండీ. నన్ను కాపాడాలనే తొక్కేవారు."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. మొదట కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక అది కాస్తా సిగ్గయింది. రెండుసార్లు ఈమె తప్పినప్పుడూ, చెప్పింది వింటే కదా అని ఇంట్లో భార్య దగ్గర విసుక్కున్నాడు. వినడమే ఆమె చేసిన తప్పని ఆయనకు ఇప్పుడు తెలిసింది. కాగితం అడిగి తీసుకున్నాడు. ప్రమాద సమయంలో వాహనం నడుపుతున్నది నా శిష్యురాలు, నేను పక్క సీటులో ఉన్నాను అని రాశాడు. కింద సంతకం పెట్టాడు.

పదకొండు రోజులు కాళ్ళరిగేలా తిరిగినా జరగని పని పావుగంటలో అయిపోయింది. అనుమతి కాగితం షెడ్డుకు వెళ్ళింది. మెట్లు దిగుతుండగానే మేస్త్రీ ఫోన్ చేశాడు. రేడియేటరు బయటి ఊరినుంచి రావాలట, తక్కువలో తక్కువ పదిరోజులట. పరీక్షకు ఉన్నది ఆరు రోజులు. మాస్టారు మేస్త్రీని నోటికొచ్చినట్టు తిట్టి ఫోన్ పెట్టేశాడు. ఇక తిట్టడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

"మా తమ్ముడి కారుంది మాస్టారూ. అడిగాను, ఇస్తానన్నాడు," అంది నర్సమ్మ. "పరీక్షకీ దాన్నే తీసుకెళ్ళొచ్చట. ఈ ఆరు రోజులూ మీరు పక్కన కూర్చుంటారా?"

"అందులో నా వైపు బ్రేకు ఉండదమ్మా."

"ఉండదండీ."

మాస్టారు మెట్ల మీదే ఆగిపోయాడు. రోడ్డు మీద ఆటోలు, బస్సులు, స్కూటర్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి.

"నాకు భయమమ్మా," అన్నాడు.

"నాకూ భయమే మాస్టారూ. రేపు పొద్దున ఆరింటికి కారు తీసుకురమ్మంటారా?"

"ఐదున్నరకి తీసుకురా," అన్నాడు మాస్టారు. "అప్పుడు రోడ్డు ఖాళీగా ఉంటుంది."