యుద్ధవార్తల ఇంగ్లీషు, పరుగెత్తిన ఆడిటరు

ఒక్క తూటా పేలకుండా, ఒక్క చుక్క నెత్తురు కారకుండా జీడిమెట్లలో ఒక మందుల కంపెనీని క్షణాల్లో ఖాళీ చేయించిన ఘనుడు ప్రపంచ చరిత్రలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఘనుడే ఇప్పుడు పొట్ట నిమురుకుంటూ మీకోసం ఇది రాస్తున్నాడు. ఆ రోజు గ్యాసు లీకవలేదు, మంటలు లేవలేదు. లీకైందల్లా నా ఇంగ్లీషు.

కొన్నేళ్ల కిందటి మాట. మేడ్చల్ నుంచి రోజూ బస్సుకు వేలాడుతూ వెళ్లి ఆ కంపెనీ గోదాములో సహాయకుడిగా పనిచేసేవాణ్ణి. గోదాము ఇంచార్జి రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ నాకిస్తానని మా మేనేజరు వెంకటేశం సార్ సగం మాట ఇచ్చాడు. మిగతా సగం ఇంగ్లీషు దగ్గర ఆగిపోయింది.

"విదేశపాయన మూణ్ణెల్లకు ఆడిట్‌కు వస్తుండు యాదగిరీ, ఆయన సరేనంటెనే మన మందులు బయటిదేశాలకు వోతయి. గోదాము సూపిచ్చుకుంట ఇంగ్లీషుల నాలుగు ముక్కలు మాట్లాడితివా, కుర్చీ నీదే. గుడ్లు తేలేస్తివా, ఇగ నీ ఖర్మ."

సగం మాట విన్న నా భార్య సుగుణ మిగతా సగం తానే పూర్తిచేసి శామీర్‌పేటలోని పుట్టింటికి ఫోను కొట్టింది. నేను ఇంచార్జినయ్యానని సాయంత్రానికల్లా అక్కడి చెరువులో చేపలకు కూడా తెలిసిపోయింది. వెనక్కి తిరిగే దారి మూసుకుపోయింది.

మరి ఇంగ్లీషు ఎలా? ప్యాకింగులో పనిచేసే డేవిడన్న దారి చూపించాడు. చర్చిలో ఇంగ్లీషు ప్రసంగాన్ని గడగడా తెలుగులోకి చెప్పే మనిషి కాబట్టి ఆయన మాటంటే మాకు వేదవాక్కు.

"ట్యూషన్ గీషన్ ఎందుకు తమ్మీ? రోజు ఇంగ్లీష్ వార్తలు సూడు. వాళ్లు ఏమంటే నువ్వు గదే అను. మూణ్ణెల్లల్ల దొర లెక్క మాట్లాడ్తవు."

సలహా బంగారమే. నా జాతకమే తుప్పుపట్టిన ఇనుము. నేను టీవీ పెట్టిన రోజే ఎక్కడో రెండు దేశాలు సరిహద్దులో కత్తులు నూరడం మొదలుపెట్టాయి. మూడు నెలలూ అదే గోల. ఆ ఛానల్లో పెళ్లిళ్లు లేవు, పంటలు లేవు, ఎవరికీ జలుబైనా చేయలేదు. ఫలితంగా జల్లెడను ఇంగ్లీషులో ఏమంటారో తెలియదు గానీ, ఖండాంతర క్షిపణిని ఏమంటారో మాత్రం నన్ను నిద్రలేపి అడిగినా చెప్పేవాణ్ణి.

నేర్చినదాన్ని ఇంట్లో సాధన చేశాను. పక్కింటాయన మా గేటుకు అడ్డంగా బండి పెడితే రెడ్ లైన్ దాటాడని ప్రకటించాను. పప్పులో ఉప్పెక్కువైన రోజు ఇంగ్లీషులో తీవ్ర ఆందోళన వ్యక్తం చేసి, ఆంక్షలు తప్పవని హెచ్చరించాను.

"ఏందయ్యా, తిడ్తున్నవా?" అంది సుగుణ.

"కాదే, చర్చలకు పిలుస్తున్న."

"అయితే గీ గిన్నెలు తోముకుంట చర్చించు."

ఆడిట్ రోజు రానే వచ్చింది. ఆడిటరు తాటిచెట్టుకు టోపీ పెట్టినట్టున్నాడు. ఏ దేశమో చెప్పను, మళ్లీ ఉద్రిక్తతలెందుకు? మా మేనేజరు పొద్దున్నే మమ్మల్ని వరుసగా నిలబెట్టి తాలీం ఇచ్చాడు: "అంతా రూల్ ప్రకారమే ఉంది సర్ అనుండ్రి. అంతకన్న ఒక్క ముక్క ఎక్కువొద్దు." నేను లోలోపల నవ్వుకున్నాను. మూడు నెలల సైన్యం నాలుక మీద బారులు తీరి ఉంటే ఒక్క ముక్కతో ఆగుతానా?

ఫోను మోగడంతో మేనేజరు పక్కకు వెళ్లాడు. ఆడిటరు గోదామంతా కలియజూసి, మర్యాదకు, ఇక్కడంతా ఎలా ఉందని నన్ను అడిగాడు.

"పరిస్థితి ఉద్రిక్తంగా ఉన్నా అదుపులోనే ఉంది సర్" అన్నాను. అంతా ఇంగ్లీషులోనే సుమండీ, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

తాటిచెట్టు ఆగింది. "ఉద్రిక్తమా? ఏం జరిగింది?"

"నిన్న సాయంత్రం దూలపల్లి వైపు నుంచి చొరబాటు జరిగింది."

"చొరబాటా! ఎవరు?"

"గుర్తుతెలియని శక్తులు. మేము ఎంతో సంయమనం పాటించాం. కానీ వాళ్లు రెడ్ లైన్ దాటారు. ప్రతీకారం తప్పలేదు."

ఆయన ముఖం సున్నం కొట్టిన గోడైంది. "ప్రాణనష్టం?"

"మనవైపు శూన్యం సర్" అని ఛాతీ విరిచాను. "అవతలివైపు రెండు మరణాలు. కళేబరాలను రహస్య ప్రాంతానికి తరలించాం. మళ్లీ వస్తే ఇంతకు మించిన సమాధానం ఉంటుంది."

నా ఇంగ్లీషుకు చప్పట్లు కొడతాడనుకున్నాను. ఆయన టోపీ ఊడబెరికి, గేటు వైపు ఉరికాడు!

జీడిమెట్లలో మనిషి ఉరికితే అర్థం ఒక్కటే. అందులోనూ మాది నిప్పు తగిలితే భగ్గుమనే సాల్వెంట్ డ్రమ్ముల గోదాము. గేటు దగ్గరి వాచ్‌మన్ ఆలోచించలేదు, "గ్యాస్ లీకైందిరో!" అని సైరన్ మోగించాడు. కంపెనీ మొత్తం తడి రుమాళ్లు ముక్కుకు చుట్టుకుని రోడ్డు మీద పడింది. వెంకటేశం సార్ వచ్చి నా కాలరు పట్టుకున్నాడు.

"ఏమన్నవ్ రా ఆయన్ని?"

"ఏమనలే సార్! నిన్న బోనుల వడ్డ రెండు ఎలుకల ముచ్చట చెప్పిన. జర పెద్ద ఇంగ్లీషుల చెప్పిన."

సార్ కాళ్లకింద భూమి కదిలింది. ఎలుకలని చెప్పేస్తే సరిపోదా అంటారేమో! మందుల కంపెనీలో ఎలుక అంటే పెళ్లిపందిట్లో పాము. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ల గురించి విన్నారు. ఎలుకను పట్టి కొండను నెత్తిమీద వేసుకున్నవాణ్ణి నేనే.

"యుద్ధమే అనుకోనీరా" అన్నాడు సార్ నా చెవిలో. "యుద్ధమైతే మన తప్పు గాదు. ఎలుకైతే మనదే."

"సార్, ఆయన పోలీసులకు ఫోన్ జేస్తుండు!"

ఇక గత్యంతరం లేక సార్ వెళ్లి చేతులు జోడించాడు. "సర్, రాట్స్ సర్. ఓన్లీ రాట్స్!"

ఆడిటరు ఫోను దించాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నవ్వాడు, సార్‌ను కౌగిలించుకున్నాడు కూడా. గండం గడిచిందనుకున్నాను. అంతలో ఆయనకు 'రాట్స్' అన్న ముక్క మెదడుకెక్కింది. రెండు చావులని విని బయటికి పారిపోయిన మనిషి, రెండు ఎలుకలని విని అంతకు రెట్టింపు వేగంతో లోపలికి ఉరికాడు!

కంతలన్నీ పూడ్చేదాకా ఎగుమతులు ఆగాయి. కుర్చీ వేరే ఎవరికో వెళ్లింది. ఎలుకల బోనులకు మాత్రం నన్నే ఇంచార్జిని చేశారు.

"శామీర్‌పేట నుంచి మా అవ్వ అడుగుతాంది, ఇంచార్జివైనవా లేదా?" అంది సుగుణ.

"అయిననే చెప్పు. దేనికో మాత్రం చెప్పకు."

కాబట్టి పాఠకుల సాక్షిగా, నా కింద ఉన్న బోనులన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ రెండు దేశాలు కొట్టుకున్నా వాటి దగ్గర ఒక్క ముక్క కూడా నేర్చుకోను. ఇప్పుడు ఇంగ్లీషు వంటల కార్యక్రమం చూస్తున్నాను, ఎంతో శాంతంగా ఉంది. వచ్చే ఆడిటరు మా సాల్వెంట్ గోదాము ఎలా ఉందని అడిగితే ఏం చెప్పాలో కూడా కంఠస్థం చేసేశాను: "సన్నని మంట మీద ఉంది సర్, ఇంకాసేపట్లో రెడీ!"