శుక్రవారం, మూడు రింగులు

నేను పుట్టింది సిరిసిల్లలో, సాంచాల చప్పుడులో. మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచా అంటారు. ఒక్క సాంచా నడిస్తేనే పక్కమనిషి మాట వినపడదు, మా నాయన పనిచేసే కార్ఖానాలో అవి వరసగా నడిచేవి. అందుకని అక్కడ ఎవరూ నోటితో మాట్లాడుకోరు, చేతులతో సైగలు చేసుకుంటారు. మా అమ్మకు ఆ సైగలూ చాలేవి కావు. నాయన తల వంచి తెగిన పోగు అతుకుతుంటే చెయ్యెత్తి ఏం లాభం? గుమ్మం పక్కనున్న బల్బు స్విచ్చి నొక్కేది. బల్బు ఒకసారి ఆరి వెలిగితే అన్నం వచ్చిందని. రెండుసార్లయితే ఎవరో కలవడానికి వచ్చారని. మూడుసార్లయితే ఉన్నపళంగా సాంచా ఆపి బయటికి రావాలి. మూడుసార్లు నొక్కడం నేను ఒక్కనాడే చూశాను, మా తాత పోయిన రోజు. నాయన పరిగెత్తుకొచ్చిన తీరు నాకిప్పటికీ గుర్తే.

మా ఆయనది కోరుట్ల. వాళ్ల నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. మా ఆయన మాత్రం చెట్టెక్కకుండా సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడు. నేను హైదరాబాద్ కంపెనీ ఒకదాంట్లో సాఫ్ట్‌వేర్ డెవలపర్ని. కులాలు వేరు కాబట్టి మా పెళ్లికి రెండువైపుల నుంచీ పెద్దలెవరూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కోరుట్లలో రెండు గదుల ఇల్లు తీసుకున్నాం. కంపెనీ ఇంటి నుంచే పని చేసుకోమంది. లోపలి గదిలో నేను, నా ల్యాప్‌టాప్, తలకు హెడ్‌ఫోన్లు. మధ్యాహ్నం అన్నానికి ఆయన షాపు నుంచి వచ్చేవాడు. ఇంకేం కావాలి అనుకున్నాను.

అనుకున్నంతసేపు కూడా నిలవలేదు. జనం ఫోన్లు ఆన్‌లైన్‌లో కొనడం మొదలుపెట్టారు, షాపు షటర్ దిగింది. ఆయన ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్న మొగవాణ్ణి ఊరు ఊరికే వదులుతుందా?

"పెండ్లాం సంపాదిస్తె కూసోని తింటుండు అంటున్నరే," అన్నాడు ఒకరోజు.

"అననియ్యి. అన్నోళ్ల నోర్లు గాలికి పోతయి."

"నోర్ల సంగతి సరే. నీ కొలువు మాత్రం ఏం నమ్మకం? మొన్ననే మీ కంపెనీల సగం మందిని తీసేసిరి గద. ఇద్దరం గిట్ల కూసుంటె ఎట్ల?"

కొన్నాళ్లకు ఆయన ఖతార్ పోయాడు. మా దిక్కు ఏ దేశం పోయినా దుబాయ్ పోయిండనే అంటారు. అక్కడ ఒక క్యాంపులో ఉంటూ కట్టడం పనులకు సామాను అందించే పని. క్యాంపులో నెట్ కాల్ కలిసేది కాదు, కలిసినా మాట ముక్కలై వచ్చేది. మామూలు కాల్‌కు ఖర్చెక్కువ. అప్పుడు నాకు అమ్మ స్విచ్చి గుర్తొచ్చింది. మిస్డ్ కాల్‌ని మేం రింగు అనుకున్నాం. ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తే, రూముకొచ్చిన, తిన్న, మంచిగున్న. వెంటవెంటనే రెండిస్తే, తీరిక ఉంటే మాట్లాడు. మూడిస్తే, చేతిలో ఏముంటే అది వదిలిపెట్టి పలకాలి.

అసలు పితలాటకం శుక్రవారంతో వచ్చింది. మా టీం పనిచేసేది గల్ఫ్‌లో ఉన్న ఒక క్లయింటుకు. వాళ్ల కూలీల హాజరు, ఓవర్‌టైము, సెలవులు అన్నీ మా సాఫ్ట్‌వేర్‌లోనే. పనిరోజున దాన్ని ముట్టుకోనివ్వరు. వాళ్లకు సెలవు శుక్రవారం, కాబట్టి మా రిలీజు శుక్రవారం. నడుస్తున్న పాతదాన్ని దించాలి, కొత్తది ఎక్కించాలి, ఎక్కడైనా ఇరుక్కుంటే మళ్లీ పాతదాన్నే నిలబెట్టాలి. పొద్దున మొదలైతే అర్ధరాత్రిదాకా టీమంతా ఒకే కాల్‌లో ఉండాలి. ఇటు చూస్తే మా ఆయనకూ తీరికుండే రోజు శుక్రవారమే. దేవుడు ఉన్నాడో లేడో గానీ, ఉంటే మాత్రం ఆ శుక్రవారాన్ని నామీద పగబట్టే చేశాడు.

ఆయన రెండు రింగులిచ్చేవాడు. నేను తిరిగి ఒక్కటిచ్చి ఊరుకునేదాన్ని, మంచిగున్నా గానీ పనిలో ఉన్నానని. నాకు తీరిక దొరికేసరికి ఆయన బట్టలుతుక్కుని, వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకుని నిద్రపోయి ఉండేవాడు. అట్లా కాపురం రింగుల్లోనే జరిగింది. నాకు ఒక్కమనిషికి కూర వండడం ఎప్పుడూ రాలేదు. మిగిలింది మర్నాడు, ఆ మర్నాడు తినేదాన్ని. కాల్‌లో "యెస్", "డన్" అనడానికి తప్ప నోరు విప్పని రోజులున్నాయి. కరెంటు పోతే ఇన్వర్టర్ కుయ్ కుయ్ మనేది, "ఏందే, నీకేమొచ్చింది?" అని దాన్నే తిట్టేదాన్ని. తిట్టడానికైనా ఒకటుంది కదా అనిపించేది. సిరిసిల్లకు ఫోన్ చేస్తే అమ్మ ఎత్తేది, నా గొంతు విని ఏమీ అనకుండా కాసేపు ఉంచి పెట్టేసేది. వెనక సాంచాల చప్పుడు మాత్రం వినపడేది. దానికోసమే చేసేదాన్ని.

కాంట్రాక్టు ముగిసి ఆయన వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు, చెంపలు లోపలికి పోయాయి, నవ్వు మాత్రం అదే. నేను సెలవడిగాను. మా లీడ్ మంచివాడే, కానీ నిస్సహాయుడు.

"ఈ రిలీజు అయ్యేదాకా ఆగండి. ఇది టైముకు పోకపోతే క్లయింటు పోతాడు. క్లయింటు పోతే మన టీమే ఉండదు," అన్నాడు. గడువు ఆ నెల ఆఖరి శుక్రవారం.

అట్లా ఆయన ముందుగదిలో, నేను లోపలి గదిలో. తలుపు వేసుకుని, చెవులు మూసుకుని. ఒక మధ్యాహ్నం ఫోన్ ఒక్క రింగు మోగి ఆగింది. ఖతార్ నంబరు కాదు, ఆయన కోరుట్ల నంబరు. తలుపు తీసి చూస్తే వంటింట్లో నిలబడి నవ్వుతున్నాడు.

"తిన్న, మంచిగున్న. నీకు సుత పెట్టిన, రా," అన్నాడు.

నవ్వొచ్చింది నాకు. నవ్వుతూనే కళ్లనీళ్లొచ్చాయి. అంత దూరం నుంచి వచ్చిన మనిషి, ఒక గోడ అవతలి నుంచి కూడా రింగే ఇవ్వాల్సొచ్చింది.

ఆ రోజుల్లోనే ఒకనాడు ఆయన బస్సెక్కి వేములవాడ పోయొచ్చాడు. వచ్చి నా కుర్చీ వెనక నిలబడి చెప్పాడు. "గుడి తొవ్వల ఒక షటర్ ఖాళీగున్నది. వచ్చిపోయే జనం మస్తు. ఫోన్ల కవర్లు, చార్జర్లు పెడితె నడుస్తదనిపిస్తుంది."

"మంచిగుంది," అన్నాను, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా.

"జగిత్యాల ఏజెంటు సుత ఫోన్ చేసిండు. ఇంకో వీసా ఉన్నదట. గీ శుక్కురారం పొద్దుగూకే వరకు పాస్‌పోర్ట్ తెచ్చియ్యమన్నడు."

చేతులు కీబోర్డ్ మీద ఆగిపోయాయి. పోకు అనాలని ఉంది. అంటే, ఆ తర్వాత నా కొలువు ఊడితే? వేములవాడ షటర్ నడవకపోతే? అప్పుడు ఊరు మళ్లీ అనే మాటలన్నీ నావల్లే కదా ఆయన పడాలి. పైగా ఆ మాట ఆయన నోటి నుంచే రావాలని నాకొక మొండితనం. పోను అని తనే అంటే నేను ఎగిరి గంతేసేదాన్ని. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మేమిద్దరం ఆ సామెత విననట్టే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఆ వారమంతా గడిపాం.

రెండు గడువులూ ఒక్కటైన ఆ శుక్రవారం వచ్చింది. పొద్దున్నే పాతదాన్ని దించాం. కొత్తది ఎక్కిస్తుంటే మధ్యలో పాత హాజరు లెక్కలు కొత్త పద్ధతిలోకి మారే ఘట్టం ఉంటుంది, ఆ పని నాది. మొదలుపెట్టానో లేదో కరెంటు పోయింది. గోరుచుట్టు మీద రోకటి పోటు. ఇన్వర్టర్ పట్టుకుంది గానీ నా గుండె పట్టుకోలేదు. స్క్రీన్ మీద వరసలు ఒక్కొక్కటే కదులుతున్నాయి. కాల్‌లో అందరూ నా డన్ కోసం చూస్తున్నారు.

అప్పుడు రింగు వచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది, ఆగింది. మూడోది వచ్చింది.

మూడు రింగులు. ఆయన వెళ్లిన నాటి నుంచి ఒక్కసారి కూడా ఇవ్వనివి. "ఒక్క నిమిషం," అని మైకు ఆపి, హెడ్‌ఫోన్లు తలమీదే ఉంచుకుని పరిగెత్తాను. పోకు అనే మాట అప్పుడు నా నాలుక చివరన ఉంది, ఒట్టు.

ఆయన ముందుగదిలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ తొడుక్కుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని. పానం బాగలేదేమో, గుండెలో నొప్పేమో అని హడలిపోయాను.

"ఏమైంది? జెల్ది చెప్పు, అక్కడ అందరు ఆగి ఉన్నరు!"

ఆయన నా మొహం చూశాడు, హెడ్‌ఫోన్లు చూశాడు. "ఏం కాలే. మూడిస్తె వస్తవో రావో సూద్దమని ఇచ్చిన."

"తాడిచెట్టెందుకు ఎక్కినవంటె దూడగడ్డి కోసం అన్నట్టే ఉన్నది నీ ముచ్చట!"

నవ్వాడు. "వచ్చినవ్ గద. ఇగ నాకు రంది లేదు. పాస్‌పోర్ట్ మొన్ననే ఇచ్చిన. ఇయ్యాల ఏజెంటు ఊకె రమ్మన్నడు, పోయొస్త."

ఇచ్చేశాడా! నాలుక చివరి మాట వెనక్కి పోయింది. ఇచ్చేశాక ఇంకేమన్నా ఏం లాభం? హెడ్‌ఫోన్లలో లీడ్ నన్ను పిలుస్తున్నాడు. "సరే, పైలం," అని లోపలికి వెళ్లాను. వరసలన్నీ చివరిదాకా కదిలాయి. రిలీజు నిలబడింది. లీడ్ మెచ్చుకున్నాడు, నా కొలువూ నిలబడింది. సాయంత్రానికి ఆయన జగిత్యాల నుంచి వచ్చాడు, ఉల్లిగడ్డలు కోయడానికి కూర్చున్నాడు. కొన్నాళ్లకు వీసా వచ్చింది, వెళ్లిపోయాడు.

ఇంట్లో మళ్లీ ఇన్వర్టరూ నేనూ మిగిలాం. ఈసారి మాత్రం నాకు తట్టుకోవడం రాలేదు. రెండు కంచాలు పెట్టుకునేదాన్ని, ఒకటి తీసి లోపల పెట్టేదాన్ని. తర్వాతి రిలీజు శుక్రవారం, పని ఇంకా నడుస్తుండగానే ఫోన్ తీసుకున్నాను. ఒక రింగు ఇచ్చాను. రెండోది. మూడోది.

వెంటనే ఫోన్ మోగింది. ఆయనే, ఎగశ్వాసతో. "ఏమైందే? పానం మంచిగున్నదా? పడ్డవా ఏంది?"

"ఏం కాలే. నువ్వు లేకుంటె నాకు మంచిగ లేదు. ఇంటికి రా. వేములవాడ షటర్ తీసుకుందం. నడవకపోతె పోనియ్యి, ఇద్దరం కలిసే కూసుందం."

అవతల ఎవరో హిందీలో ఏదో అరుస్తున్నారు, నల్లా నీళ్ల చప్పుడు.  లైను పోయిందనుకుని రెండుసార్లు పిలిచాను.

"గీ ఒక్క మాట కోసమే గద, గా దినం మూడు రింగులిచ్చిన," అన్నాడు.

"మరి పాస్‌పోర్ట్ ఇచ్చినన్నవ్?"

"ఏడ ఇచ్చిన పిల్లా! గప్పటికి అంగీ జేబులనే ఉండె. నువ్వు జెల్ది చెప్పు అన్నవ్, నాకు నోరు రాలే. ఇగ ఇప్పుడు కాంట్రాక్ట్ అయిపోయేదాక అది కంపెనోళ్ల బీరువల ఉంటది."