దాచిపెట్టిన ఒక్క గొర్రె

మా చిన్నప్పుడు... పొద్దు వాలే వేళకు నాయిన దొడ్డికి అడ్డం పెట్టిన కంప తీసి పక్కకు జరిగేవాడు. జీవాలు జోడు జోడుగా లోపలికి దూరేవి. లెక్క నాది. ఇరవై గొర్రెలకు ఒక గులకరాయి నా ఒడిలో పడేది.

(చెబుతున్నది నేను, యాదమ్మను. నాకు అక్షరం రాదు. ఫోన్‌లో కొడుతున్నది నా చిన్న మనవరాలు. ఒక్క మాట కూడా మార్చొద్దని దానికి ముందే చెప్పాను.)

మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. మంద ఎంతైనా ఉండనీ, బయటికి ఒకటి తగ్గించి చెప్పాలి. ఆ ఒక్కటి లెక్కకు దొరకకుండా దాగి ఉంటే మిగతా మందకు కాపు అని నమ్మకం.

నాకు ఏడేళ్లప్పుడు ఒక బేరగాడు వచ్చి దొడ్డి ముందు నిలబడ్డాడు.

"ఎన్ని జీవాలున్నయే మల్లన్నా?"

"నూట పదకొండు."

"కాదు నాయినా... నూట పన్నెండు! నేనే లెక్కవెట్టిన!"

బేరగాడు పగలబడి నవ్వాడు. "నీకంటే నీ బిడ్డనే నయమే, లెక్క మంచిగొస్తది!"

ఆ వారమే మందకు బొబ్బ రోగం తగిలింది. పది రోజుల్లో దొడ్డి సగం ఖాళీ. నాయిన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చచ్చిన గొర్రెలను గుంతలో వేసి మన్ను కప్పుతూ ఒక్క మాటే అన్నాడు... "ఒకటి ఇడిచిపెట్టి చెప్పాలె బిడ్డా."

అప్పటి నుంచి నా నోట పూర్తి లెక్క రాలేదు. నా కొడుక్కి అదే నేర్పాను. కొడుకు బిడ్డ మంజులకూ అదే నేర్పాను.

మంజుల ఐదేళ్లకే దొడ్డి కాడ నా పక్కన నిలబడి లెక్కపెట్టింది. నాకు గులకరాళ్లు కావాలి, దానికి అవి కూడా అక్కర్లేదు. మంద మొత్తం లోపలికి పోగానే నా చెవిలో చెప్పేది... ఒకటి తగ్గించి. నేను మురిసిపోయేదాన్ని.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు అది కేతేపల్లిలో పదో తరగతికి వచ్చింది. పట్నంలో ఒక యూనివర్సిటీ వాళ్లు హైస్కూల్ పిల్లలకు లెక్కల పోటీ పెట్టారు. మొదటి పదిమందికి ఇంటర్ చదువు, హాస్టలు అంతా వాళ్లే చూసుకుంటారట. బడి మొత్తంలో లెక్కల సారు మంజుల ఒక్కదాని పేరే పంపాడు. దాని బాపు జీవాల వెంట, తల్లి కూలికి. తోడు నేనే పోయాను.

పొద్దున పరీక్ష. పిల్లలు లోపల, మేము బయట మెట్ల మీద. మధ్యాహ్నం ఒక సారు వచ్చి పది పేర్లు చదివాడు. మంజుల పేరు లేదు. గోడకు అతికించిన కాగితంలో దానిది పదకొండో పేరు. ఒక్క ప్రశ్న తేడా.

ఆ ప్రశ్న ఏమిటో వినండి, మంజులే నాకు చెప్పింది. ఒక కాపరి మందను రెండేసి లెక్కపెడితే ఒక గొర్రె మిగిలింది. మూడేసి లెక్కపెట్టినా ఒకటే, ఐదేసి లెక్కపెట్టినా ఒకటే. ఏడేసి లెక్కపెడితే ఏమీ మిగల్లేదు. అన్నింటికన్నా చిన్న మంద అయితే ఎన్ని గొర్రెలు?

తొంభై ఒకటి. నేను మెట్ల మీద కూర్చునే వేళ్ల మీద తీశాను.

"నువ్వేం రాసినవే?"

"రఫ్ కాగితంల తొంభై ఒకటే అచ్చిందవ్వా..." "జవాబు డబ్బాల రాసేటప్పుడు తొంభై రాసిన. గొర్రెలు కదా... చెయ్యి దానంతటదే రాసింది."

దాన్ని రెక్క పట్టుకుని పేర్లు చదివిన సారు గదిలోకి పోయాను.

"సారూ, ఈ పోరికి లెక్క రాక కాదు. రఫ్ కాగితం తియ్యి, జర చూడు."

"రఫ్ కాగితాలు చూడమమ్మా. డబ్బాలో ఉన్నదే జవాబు."

"ఆ ఒక్క గొర్రెను మేమే దాచినం సారూ! మా ఇంట్ల గట్లనే చెప్తం. నేను నేర్పిన తప్పు అది. శిక్ష ఏస్తే నాకెయ్యి!"

ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించాడు, మంచినీళ్లు ఇచ్చాడు. "ఒక్కరికి మారిస్తే అందరికీ మార్చాలి పెద్దమ్మా" అన్నాడు. ఆ నీళ్లు నేను ముట్టలేదు.

నకిరేకల్ బస్సులో మంజుల కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నన్ను తిట్టలేదు, మా నాయిన లాగే. తిట్టినా బాగుండేది.

ఆ ఏడే మేత లేక కొడుకు మంద అమ్మేశాడు. నకిరేకల్‌లో మంజుల ఇంటర్ సగంలో ఆగింది. ఇప్పుడది షాద్‌నగర్ దగ్గర ఒక కంపెనీలో సీసాలు పెట్టెల్లో సర్దుతుంది. పెట్టెకు పన్నెండు. నిండని పెట్టె లెక్కలోకి రాదు.

డ్యూటీ దిగగానే ఫోన్ చేస్తుంది. నిన్న కూడా అడిగాను.

"ఎన్ని సర్దినవ్ బిడ్డా?"

"ఐదు వందల మూడు, అవ్వా."

ఐదు వందల నాలుగైతే నలభై రెండు పెట్టెలు నిండుతాయి. ఐదు వందల మూడు అనే లెక్క ఆ కంపెనీలో ఉండదు. అది రోజూ అంతే... ఒక సీసా నా కోసం దాచిపెట్టి చెబుతుంది. "పూర్తి లెక్క చెప్పవే" అందామని నోటిదాకా వస్తుంది. రోగం తగిలిన ఆ వారం కళ్ల ముందుకొచ్చి, నా నోరు మూతపడుతుంది.

ఇప్పుడు మా దొడ్డిలో జీవాలు లేవు, కంప కూడా చెదలు పట్టింది. లెక్కపెట్టేందుకు ఏమీ మిగల్లేదు, ఆ పట్టింపు ఒక్కటే మిగిలింది.

మీ ఇళ్లలో పెద్దలు మీకు ఏం దాచమని నేర్పారు? మీరు మీ పిల్లలకు ఏం నేర్పారు? కింద రాయండి, చిన్నది చదివి వినిపిస్తుంది. ఎంతుంటే అంత రాయండి... నా లాగా ఒకటి తగ్గించకండి.